మిద్దె తోటల ఫేస్‌బుక్ గ్రూపును సొంత గూటికి మార్చడం: ఏది ఎంచుకోవాలి, ఎక్కడ చిక్కుపడతారు

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ మిద్దె తోటల వాళ్ల ఫేస్‌బుక్ గ్రూపు, ఆరు వేల మంది సభ్యులు, నలుగురు అడ్మిన్లు. పోయినేడు ఎవరో ఇచ్చిన మంచి జవాబు ఈ ఏడు వెతికితే దొరకదు. పెట్టిన పోస్టు ఎవరికి కనిపిస్తుందో చెప్పలేం. అందుకని ఒక్క కంపెనీ చేతిలో లేని చోటికి పోదామనుకుంటున్నారు. మాస్టడానా (ట్విట్టర్ లాంటిది), లెమ్మీనా (రెడ్డిట్ లాంటిది), మేట్రిక్సా (చాట్), సొంత ఫోరమా? పాత పోస్టులు వెంట తీసుకెళ్లొచ్చా?

సూటిగా చెప్తాను. సొంత డొమైన్ (వెబ్ చిరునామా) మీద డిస్‌కోర్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఫోరం పెట్టండి. అది కుదురుకున్నాక యాక్టివిటీపబ్ (వేర్వేరు సర్వర్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) ప్లగిన్ వేసి మాస్టడాన్ లోకానికి కలపండి. వాట్సాప్ గ్రూపులు మూసేయకండి, కబురు పంపడానికి పనికొస్తాయి. ఆరు వేల మందినీ తీసుకెళ్దామన్న ఆశ మాత్రం ఇప్పుడే వదిలేయండి.

గత మూడు నెలల పోస్టులు తిరగేసి, జవాబులు రాసేవాళ్ల పేర్లు ఓ కాగితం మీద రాయండి. "వంగకు పిండినల్లి పట్టింది, ఏం కొట్టాలి" అని అడిగేవాళ్లు వందల్లో ఉంటారు. "ఆకు తిప్పి చూశారా? లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి" అని ఓపిగ్గా చెప్పేవాళ్లు ఎంత పెద్ద గ్రూపులోనైనా కొద్దిమందే. ముప్పై నలభై మంది తేలితే మీది మంచి గ్రూపు. వాళ్లు కదిలితే అడిగేవాళ్లు వెనకాలే వస్తారు. సర్వరు కొనకముందే వాళ్లందరికీ ఫోన్ చేయండి, మెసేజ్ చాలదు. కనీసం ఇరవై మంది "సరే, అక్కడే రాస్తాం" అనకపోతే ఈ పని మొదలుపెట్టకండి.

2019 నవంబరు గుర్తుండే ఉంటుంది. సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేశాక మన దేశం నుంచి బోలెడంత మంది ఒక్కసారిగా మాస్టడాన్‌కు వెళ్లారు. వాళ్లలో చాలామంది మళ్లీ ట్విట్టర్‌కే వచ్చేశారు. ఎవరికి వారే వెళ్లారు గానీ ఒక గుంపుగా వెళ్లలేదు, నా లెక్కలో అసలు కారణం అదే. "మన దేశపు యాప్" అనేది కూడా దీనికి జవాబు కాదు. బెంగళూరు కంపెనీ కూ 2020లో వచ్చింది, తెలుగులో కూడా నడిచింది, 2024 జులైలో మూతపడింది. ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూప్స్ 2020 చివర్లో పోయాయి. రచ్చబండ లాంటి తెలుగు చర్చలు నడిచింది ఆ యాహూ గ్రూప్స్‌లోనే. అంతకు ముందు, తొంభైల్లో, యూజ్‌నెట్ అనే పాత చర్చావేదికలోని తెలుగు న్యూస్‌గ్రూపులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకుంటూ వాదించుకున్నారు మనవాళ్లు. దానికి యజమాని అంటూ ఎవరూ లేరు. కాబట్టి వికేంద్రీకరణ తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు.

ఇక సాఫ్ట్‌వేర్. మీ గ్రూపులో జరిగే మాటల తీరును బట్టి ఎంచుకోవాలి. మాస్టడాన్‌ది వార్తల ప్రవాహం తీరు. మామూలుగా 500 అక్షరాల హద్దు, ఇవాళ్టి పోస్టు రేపటికి కిందికి జారిపోతుంది. ఇప్పుడు మీకున్న బాధే అక్కడా మొదలవుతుంది. పైగా ఒక సర్వరు నుంచి ఇంకో సర్వరుకు మారితే ఫాలోయర్లు వస్తారు, పాత పోస్టులు రావు. ఒకసారి మారాక మళ్లీ మారాలంటే 30 రోజులు ఆగాలి. వ్యక్తులకు మంచిదే, తోటల గ్రంథాలయానికి పనికిరాదు.

లెమ్మీ దగ్గరగా వస్తుంది: ప్రశ్న, కింద జవాబుల చెట్టు, ఓట్లు. 2023 జూన్‌లో రెడ్డిట్ ఏపీఐ (బయటి యాప్‌లు డేటా తీసుకునే దారి) ధరల గొడవప్పుడు చాలామంది అటే వెళ్లారు. దాంతో రెండు ఇబ్బందులున్నాయి. లెమ్మీలో ఒక కమ్యూనిటీ అది పుట్టిన సర్వరుకే కట్టుబడి ఉంటుంది. 2023 జులైలో మాలి దేశపు డాట్ ఎంఎల్ డొమైన్లు వెనక్కి పోయినప్పుడు ఒక పెద్ద లెమ్మీ సర్వరు చిరునామా రాత్రికి రాత్రి పోయింది, దాని మీదున్న కమ్యూనిటీలు దిక్కులేనివయ్యాయి. రెండోది భాషల సెట్టింగ్. సభ్యుడు తన ప్రొఫైల్‌లో భాషలు ఎంచుకునేటప్పుడు తెలుగు వదిలేస్తే తెలుగని గుర్తున్న పోస్టులు అతనికి కనిపించవు. "భాష తెలియదు" అన్న ఎంపిక వదిలేస్తే ఏ గుర్తూ లేని పోస్టులు కనిపించవు. "గ్రూపు ఖాళీగా ఉందేంటండీ" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

మేట్రిక్స్ చాట్‌కు బాగుంటుంది. అడ్మిన్లు నలుగురు మాట్లాడుకోవడానికి ఒక గది పెట్టుకోండి. బహిరంగ గదికి ఎన్‌క్రిప్షన్ మాత్రం వేయకండి. ఒకసారి వేస్తే తీయలేరు, కొత్తగా చేరినవాళ్లు పాత మెసేజ్‌లు చదవలేరు.

డిస్‌కోర్స్ బదులు నోడ్‌బీబీ కూడా చూడొచ్చు. 2025లో వచ్చిన దాని నాలుగో వెర్షన్‌లో యాక్టివిటీపబ్ లోపలే ఉంది. తెలుగు అవసరాలకు కావాల్సిన చిన్న చిన్న సెట్టింగులు డిస్‌కోర్స్‌లో ఎక్కువ కాబట్టి అదే చెప్తున్నాను.

డొమైన్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే తర్వాత మార్చలేనిది అదొక్కటే. ఒకసారి ఫెడరేషన్‌లోకి, అంటే ఇతర సర్వర్లతో కలిసే ఏర్పాటులోకి, వెళ్లాక మీ ఉనికి ఆ పేరుతోనే ముడిపడుతుంది. డాట్ ఇన్ తీసుకోండి. ఎక్కడో చిన్న దేశపు డొమైన్ చవగ్గా వస్తుందని పోకండి, డాట్ ఎంఎల్ గతి పైన చెప్పాను. తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా దొరుకుతుంది. ముచ్చటగా ఉంటుంది కానీ ఈమెయిల్లోనూ ఫెడరేషన్ హ్యాండిళ్లలోనూ ఇంకా అక్కడక్కడా మొరాయిస్తుంది, కావాలంటే కొని అసలు చిరునామాకు మళ్లించండి. ఫోన్లో ఒక్కసారి చెబితే ఎల్బీ నగర్‌లో ఉన్న పెద్దావిడ తప్పు లేకుండా రాసుకోగల పేరు పెట్టండి, హైఫన్లు, అంకెలు వద్దు. రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) ఖాతా ఒకరి సొంత మెయిల్ మీద ఉండకూడదు. అడ్మిన్లకు ఉమ్మడిగా ఒక మెయిల్ పెట్టి, దాని రెండో తాళం (పాస్‌వర్డు తర్వాత అడిగే కోడ్) ఇద్దరి దగ్గర ఉంచండి.

సర్వరుకు 2 జీబీ ర్యామ్, 50 జీబీ డిస్కు ఉన్న వీపీఎస్ (అద్దె సర్వరు) చాలు. నెలకు వెయ్యి, పన్నెండు వందల దరిదాపుల్లో అవుతుంది, జీఎస్టీ అదనం. 1 జీబీతో కూడా నడుస్తుందంటారు. నడుస్తుంది, అప్‌డేట్ వచ్చి రీబిల్డ్ చేసే (సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ కట్టే) రోజు దాకా. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) లేకుంటే రీబిల్డ్ మధ్యలో ర్యామ్ చాలక ఆగిపోతుంది, సైటు పడిపోతుంది. ఎలాగైనా 2 జీబీ స్వాప్ ఫైలు పెట్టుకోండి. అమెజాన్‌కు 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లోనే క్లౌడ్ రీజియన్ (డేటా సెంటర్లు) ఉంది కదా అని అటు మొగ్గకండి. ఫోరానికి ముంబై, బెంగళూరు, హైదరాబాద్ మధ్య వేగంలో తేడా కంటికి ఆనదు, బయటికి పోయే డేటాకు వేసే బిల్లు మాత్రం ఆనుతుంది. ఇన్‌స్టాల్ చేయడం డాకర్‌తో (సాఫ్ట్‌వేర్‌ను ఒక పెట్టెలా కట్టి నడిపే సాధనం) గంట పని. కొన్ని నెలలకు డిస్కు నిండిందంటే ముందు పాత డాకర్ ఇమేజ్‌లను చూడండి, లాంచర్ క్లీనప్ కమాండ్ ఇస్తే అవి పోతాయి.

అసలు చిక్కు ఈమెయిల్ దగ్గర. మెయిల్ వెళ్లకపోతే డిస్‌కోర్స్‌లో మెయిల్‌తో ఎవరూ ఖాతా తెరవలేరు. చాలా వీపీఎస్ కంపెనీలు మెయిల్ వెళ్లే దారైన 25వ పోర్టు మూసేస్తాయి, కొన్ని 587 కూడా మూసేస్తాయి. సొంతంగా మెయిల్ సర్వరు నడపాలన్న సరదా వద్దు. మెయిల్ పంపిపెట్టే అమెజాన్ ఎస్‌ఈఎస్ లాంటి సేవ తీసుకుని 587 మీద పంపండి, అది మూసుంటే 2587 పనిచేస్తుంది. కొత్త ఎస్‌ఈఎస్ ఖాతా శాండ్‌బాక్స్‌లో ఉంటుంది: రోజుకు 200 మెయిళ్లు, అదీ ముందే ధ్రువీకరించిన చిరునామాలకే. ప్రారంభానికి రెండు వారాల ముందే ఆ హద్దులు తీసే ప్రొడక్షన్ యాక్సెస్ అడగండి. మెయిల్ మీదేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు మూడూ డీఎన్‌ఎస్‌లో (డొమైన్ సెట్టింగుల్లో) పెట్టండి, లేకపోతే జీమెయిల్ స్పామ్‌లో పడేస్తుంది. సభ్యుల జాబితాను ఎక్సెల్ షీటులోంచి ఒక్కసారిగా ఎక్కించి ఆహ్వానాలు పంపకండి. తప్పు రాసిన చిరునామాలు ఎన్నో ఉంటాయి, తిరిగొచ్చే మెయిళ్లు 5 శాతం దాటితే ఎస్‌ఈఎస్ మీ ఖాతాను పరిశీలనలో పెడుతుంది, 10 శాతం దాటితే పంపకం ఆపేయొచ్చు. వారం వారం వెళ్లే సారాంశపు మెయిల్‌ను మొదటి నెలలో ఆపి ఉంచండి.

డబ్బు కట్టే విషయంలో ఇంకొకటుంది. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు ఈ-మ్యాండేట్ నిబంధనల వల్ల విదేశీ కంపెనీలు మన కార్డుల మీద నెలనెలా వాటంతటవే డబ్బు లాగడం చాలాసార్లు కుదరదు. బిల్లు కట్టలేదని సర్వరు ఆగేదాకా ఎవరికీ తెలియదు. ముందే కొంత మొత్తం క్రెడిట్‌గా వేసుకునే వీలున్న చోటు చూసుకోండి, డొమైన్ ఒకేసారి అయిదేళ్లకు కొనండి.

ఇప్పుడు తెలుగుకు సంబంధించిన సెట్టింగులు. బయట దొరికే గైడ్లలో ఇవి ఉండవు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మొదటిది లింకుల రూపం. డిస్‌కోర్స్‌లో స్లగ్ (శీర్షికను బట్టి లింకులో వచ్చే మాట) తయారీ విధానం మామూలుగా ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాలు) మీద ఉంటుంది, తెలుగు శీర్షికకు లింకులో ఏ అర్థమూ లేని ఒకే మాట వస్తుంది. పోనీ అని "ఎన్‌కోడెడ్"కు మారిస్తే ఇంకా ఘోరం. ఒక్కో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు మూడేసి బైట్లు, లింకులో ఒక్కో బైటుకు మూడేసి గుర్తులు, అంటే ఒక్కోదానికి తొమ్మిది. నాలుగు మాటల శీర్షిక వాట్సాప్‌లో అతికిస్తే తెరంతా శాతం గుర్తులే. "ఏదీ వద్దు" అన్నది ఎంచుకోండి, లింకు అంకెతో పొట్టిగా ఉంటుంది.

రెండోది కనీస నిడివి. శీర్షికకు 15, పోస్టుకు 20 అక్షరాలు ఉండాలంటుంది. "థాంక్సండీ" అని రాస్తే ఒప్పుకోదు, రాసినాయన చిన్నబుచ్చుకుని వెళ్లిపోతాడు. పోస్టుకు 5కు దించండి.

మూడోది ఫొటోలు. కొత్త సభ్యుడు ఒక పోస్టులో ఒక్క బొమ్మే పెట్టగలడు. చీడ గుర్తుపట్టాలంటే ఆకు పైభాగం, అడుగుభాగం, మొత్తం మొక్క, ఈ మూడూ కావాలి. దాన్ని 5 చేయండి, చేరినరోజే కనపడే స్వాగత సందేశంలో ఈ మూడు ఫొటోలు అడగండి. ఫొటోలో దాగుండే జీపీఎస్ వివరాలు తీసేసే సెట్టింగ్ ఆన్‌లో ఉందని ఒకసారి సరిచూసుకోండి. మిద్దె ఫొటో అంటే ఇంటి చిరునామానే.

నాలుగోది వెతుకులాట, అన్నిటికన్నా పెద్దది. డిస్‌కోర్స్ వెనకున్న డేటాబేసు పోస్ట్‌గ్రెస్‌కు తెలుగు పదాల ధాతువు తెలియదు. మాస్టడాన్‌లో వెతకడానికి వాడే ఎలాస్టిక్‌సెర్చ్‌లోనూ హిందీ, బెంగాలీలకు ఉన్నట్టు తెలుగుకు విశ్లేషకం లేదు. "కుండీ" అని వెతికితే "కుండీలో" దొరుకుతుంది, మొదలు ఒకటే కాబట్టి. "విత్తనం" అని వెతికితే "విత్తనాలు" దొరకదు. ఇక ఒకే పురుగును ఒకరు పిండినల్లి అంటారు, ఇంకొకరు పిండి పురుగు, మరొకరు మీలీబగ్, కొత్తవాళ్లు "తెల్లగా దూదిలా ఏదో". సగం మంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు. దీనికి మందు ట్యాగులు. పిండినల్లి అని ఒక్క ట్యాగు పెట్టి, మిగతా పేర్లన్నీ దానికి పర్యాయపదాలుగా కట్టండి, డిస్‌కోర్స్‌లో ఆ సౌకర్యం ఉంది. ట్యాగులు తయారుచేసే హక్కు మోడరేటర్లకే ఉంచండి. లేకపోతే హైదరాబాద్, హైదరాబాదు, హైద్రాబాద్ అని మూడు పుడతాయి. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కంటికి కనపడని విడదీత గుర్తు పెడతాయి, దాంతో చూడ్డానికి ఒకటే అయిన మాట రెండు ట్యాగులుగా చీలే ప్రమాదమూ ఉంది. యాభై ట్యాగులు చాలు: ఇరవై మొక్కలు, పదిహేను చీడపీడలు, మిగతావి మట్టి, ఎరువు, కుండీ, కాలం.

పాత పోస్టుల సంగతి. ఫేస్‌బుక్‌లో "మీ సమాచారం డౌన్‌లోడ్" అడిగితే ఎవరు రాసింది వాళ్లకే వస్తుంది, కింద మిగతావాళ్లు పెట్టిన జవాబులు రావు. గ్రూపుల ఏపీఐని 2024లో తీసేశారు. బాట్‌తో లాగడం వాళ్ల షరతులకు విరుద్ధం. కాబట్టి ఆ నలభై మందిని తమ తమ డౌన్‌లోడ్ తీసుకోమనండి. జేసన్‌లో (ప్రోగ్రాములు చదివే ఫైలు రూపం) తీసుకుంటే తెలుగంతా పిచ్చి గీతల్లా కనిపిస్తుంది, కంగారు పడొద్దు, ఫైలు పాడవలేదు. తెలుగు అక్షరపు మూడు బైట్లను మూడు వేర్వేరు లాటిన్ అక్షరాలుగా రాసి ఇస్తారు. పైథాన్‌లో ప్రతి వాక్యాన్నీ లాటిన్-1గా ఎన్‌కోడ్ చేసి, యూటీఎఫ్-8గా డీకోడ్ చేస్తే తెలుగు యథాతథంగా తిరిగొస్తుంది. ముందు జేసన్ చదివించి, ఆ తర్వాతే ఈ పని చేయాలి. ఫైలు మొత్తాన్నీ నేరుగా మారిస్తే ఏ మార్పూ కనిపించదు.

అంతా ఎక్కించాలని చూడకండి. వంద, నూటయాభై మంచి జవాబులు ఏరి, రాసినవాళ్లను అడిగి, వాళ్ల పేరుతోనే వికీ పోస్టులుగా పెట్టండి. "ఆకుకూరలకు మట్టి మిశ్రమం" అన్నదాని మీద నలభై చెల్లాచెదురు జవాబుల కన్నా ముగ్గురు కలిసి దిద్దిన ఒక్క పోస్టు మేలు.

మనుషుల్ని కదిలించడం సాంకేతికం కన్నా కష్టం. మీ సభ్యుల్లో చాలామందికి జీమెయిల్ ఉంది, ఫోన్ కొన్నప్పుడు షాపువాడు పెట్టిచ్చింది. పాస్‌వర్డు తెలియదు. ఓటీపీకి అలవాటుపడ్డ చేతులు. అందుకని గూగుల్‌తో లాగిన్ పెట్టండి, మెయిల్‌కు వచ్చే లింకుతో లాగిన్ కూడా తెరిచి ఉంచండి. పెద్ద కంపెనీని వదిలి వస్తూ మళ్లీ గూగులేంటని కొందరు దెప్పుతారు. మీ దగ్గర మిగిలేది మెయిల్ చిరునామా కాబట్టి రేపు ఆ బటన్ తీసేసినా ఖాతాలు ఎక్కడికీ పోవు. మంచి అవకాశం నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళా. ఓ మూల క్యూఆర్ కోడ్ పెట్టుకుని ఇద్దరు కూర్చుంటే, ఫోన్ చేతికి తీసుకుని అక్కడికక్కడే ఖాతా తెరిపించొచ్చు.

కాలం కూడా చూసుకోండి. మృగశిర ముందు, అంటే మే చివర్లో తెరిస్తే జూన్, జులై ప్రశ్నల వాన కొత్త ఇంట్లోనే కురుస్తుంది. మార్చి ఎండల్లో తెరిస్తే మాట్లాడ్డానికి ఏమీ ఉండదు, చల్లబడిపోతుంది.

ఒకే జవాబును రెండు చోట్లా పెట్టడం ఈ వలసల్ని చంపేసే అలవాటు. ఫేస్‌బుక్‌లోనే జవాబు దొరుకుతుంటే ఎవరైనా ఎందుకు కదులుతారు? తెరిచిన రోజు నుంచి ఆ నలభై మందీ అక్కడ "జవాబు ఇక్కడ రాశాను" అని లింకు మాత్రమే ఇవ్వాలి. వేరే నెట్‌వర్కుల లింకులకు అడ్డుకట్ట పడటం కొత్త కాదు: 2022 డిసెంబరులో ట్విట్టర్ మాస్టడాన్ లింకుల్ని నిషేధించి వెనక్కి తగ్గింది, 2025 జనవరిలో ఫేస్‌బుక్‌లో పిక్సెల్‌ఫెడ్ (ఇన్‌స్టాగ్రామ్ లాంటిది) లింకులు తొలగిపోతే మెటా అది పొరపాటేనంది. కాబట్టి చిరునామాను పెద్ద అక్షరాలతో గ్రూపు కవర్ ఫొటోలోనే రాసి పెట్టండి.

మూడు నెలలయ్యాక యాక్టివిటీపబ్ ప్లగిన్ వేయండి. ఒక్క కేటగిరీకే ముందు, అదీ మొదటి పోస్టు మాత్రమే బయటికి పోయేలా. హ్యాండిల్ ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. మాస్టడాన్ నుంచి ఎవరైనా ఫాలో అయ్యాకే పోస్టులు వాళ్ల సర్వరుకు చేరతాయి, పాతవి చేరవు, పనిచేయట్లేదని కంగారుపడకండి. సభ్యులకు ఒక మాట ముందే చెప్పాలి: బయటికి వెళ్లిన పోస్టును ఇక్కడ తుడిచేస్తే తుడవమన్న కబురు మిగతా సర్వర్లకు వెళ్తుంది, వాళ్లు పాటిస్తారన్న హామీ లేదు. కొత్త ఖాతాలకు ఆమోదం తప్పనిసరి చేయండి. 2024 ఫిబ్రవరిలో ఫెడివర్స్‌ను (ఇలా కలిసిన సర్వర్ల లోకాన్ని) ముంచిన స్పామ్ వచ్చింది తలుపులు బార్లా తెరిచి పట్టించుకోని చిన్న సర్వర్ల నుంచే.

చట్టం విషయంలో: ఇతరుల రాతలు పెట్టుకునే సైటు నడిపితే మీరు మధ్యవర్తి అవుతారు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం నియమాలు, ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే మార్గం సైటులో ఉండాలి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశం లాగ్‌లను 180 రోజులు ఉంచమంటుంది, హ్యాకింగ్ లాంటిది జరిగితే 6 గంటల్లో తెలపమంటుంది. ఒక లాయరుతో ఓ గంట కూర్చోండి. చందాలు పోగవుతుంటే సొసైటీగా రిజిస్టర్ చేయించుకోండి, ఏడుగురు ఉంటే చాలు. అమెరికాలో ఉన్న పిల్లలు డబ్బు పంపుతామంటారు. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు సొంత సంపాదన పంపితే ఇబ్బంది లేదు, అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే అది విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది. ముందే వద్దని చెప్పండి.

బ్యాకప్ రోజూ తీసేలా మార్చండి, మామూలుగా వారానికోసారే ఉంటుంది. అది అదే సర్వరులో పడి ఉంటే బ్యాకప్ కాదు, వేరే కంపెనీ స్టోరేజీకి పోవాలి. నెల తిరక్కుండా ఒకసారి ఖాళీ సర్వరు మీద దాన్ని తిరిగి ఎక్కించి చూడండి.

ఫేస్‌బుక్ గ్రూపును తుడిచేయకండి. ఆర్నెల్లయ్యాక పాజ్ చేసి, పైన కొత్త చిరునామా పెట్టి వదిలేయండి. అడ్మిన్లు నలుగురూ బయటికి మాత్రం రాకండి. అడ్మిన్ లేని గ్రూపుకు ఆ పదవి సభ్యుల్లో ఎవరికైనా దక్కొచ్చు, లోన్ యాప్‌లు అమ్ముకునేవాడి చేతికి ఆరు వేల మంది దొరుకుతారు.